పేగుల దారిన ఊపిరికి వైద్యం: ఒక సింహావలోకనం

ఆయాసంతో వచ్చిన మనిషిని ముందుగా ఆకలి ఎలా ఉందనీ, విరేచనం సాఫీగా అవుతోందా అనీ అడగడం పాతకాలపు వైద్యుల అలవాటు. చరక సంహిత చికిత్సాస్థానం 17వ అధ్యాయం ఎక్కిళ్లనూ శ్వాసరోగాలనూ ఒకేచోట చర్చించింది. అవి కఫవాతాల వల్ల వచ్చే జబ్బులే అయినా, పుట్టే చోటు మాత్రం పిత్తస్థానమని, అంటే కడుపు ప్రాంతమని తేల్చింది. చైనా సంప్రదాయ వైద్యం ఊపిరితిత్తులకూ పెద్దపేగుకూ జోడు కట్టింది. మన హైదరాబాదులో మృగశిర కార్తె వచ్చిందంటే బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందు కోసం వేలమంది ఉబ్బసం రోగులు బారులు తీరుతారు. నోట్లో మందు పెట్టిన కొరమీను పిల్లను గుటుక్కున మింగడమే ఆ వైద్యం. దాని గుణం శాస్త్రీయ పరీక్షల్లో నిరూపణ కాలేదు. చరకుడి సూత్రమూ చైనా జోడూ కూడా పరిశీలనలే తప్ప రుజువులు కావు. అయితే ఊపిరి జబ్బుకు కడుపు దారిన మందు వెయ్యాలన్న ఆలోచన కొత్తది కాదని చెప్పడానికి ఇవి చాలు.

కొత్తదల్లా ఆ ఆలోచన ప్రయోగశాలకు ఎక్కడం. పేగుల్లో కాపురముండే కోట్లాది సూక్ష్మజీవుల సముదాయాన్ని, అంటే మైక్రోబయోమ్‌ను, సరిదిద్ది ఉబ్బసాన్నీ, గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బైన సీఓపీడీనీ లొంగదీయవచ్చునా అన్నది నేటి ప్రశ్న. ఈ ప్రశ్నకు తొందర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో సీఓపీడీ 32.3 లక్షల మందిని బలి తీసుకుంది. మన దేశంలో 2016 నాటికి సీఓపీడీ రోగులు 5.53 కోట్లు, ఉబ్బసం రోగులు 3.79 కోట్లు. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతమే అయినా, దీర్ఘకాలిక శ్వాసరోగాల భారంలో 32 శాతం మన నెత్తినే ఉంది. ఇన్‌హేలర్లు ఊపిరాడేలా చేస్తాయి, జబ్బు తిరగబెట్టడాన్ని కొంత అదుపు చేస్తాయి. సీఓపీడీలో చెడిన గాలిగదులను మాత్రం తిరిగి నిలబెట్టలేవు. అందుకే వెదుకులాట పేగుల దాకా వచ్చింది. ఈ ప్రయాణాన్ని వెనుదిరిగి చూస్తే ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. పేగుకూ ఊపిరికీ బంధుత్వం ఉందన్న ఆధారం ఏటేటా బలపడుతూ వచ్చింది. దాన్ని చూపి అమ్మిన మందులు మాత్రం చాలామటుకు పరీక్షలో ఒక్కొక్కటే తప్పాయి.

పెరుగుతో మొదలు

1885లో జర్మన్ పిల్లల వైద్యుడు థియోడార్ ఎషరిక్ పసిపిల్లల మలంలో ఒక బాక్టీరియాను గుర్తించాడు. తర్వాత లోకమంతా ఈ.కోలై అని పిలిచేది దాన్నే. 1899లో ప్యారిస్ పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే తల్లిపాలు తాగే బిడ్డల పేగుల్లో బిఫిడో బాక్టీరియాను చూశాడు. 1905లో బల్గేరియా విద్యార్థి స్టామెన్ గ్రిగోరోవ్ తన ఊరి పెరుగును తోడుపెట్టే బాక్టీరియాను విడదీశాడు. ఈ ముక్కలన్నీ ఏరి సిద్ధాంతం కట్టినవాడు ఎలీ మెచ్నికోవ్. పెద్దపేగులో కుళ్లే పదార్థాలు విషాలై ఒంట్లోకి ఎక్కుతున్నాయనీ, అందుకే ముసలితనం ముందే ముంచుకొస్తోందనీ, పుల్లటి పెరుగులోని బాక్టీరియా ఆ కుళ్లును ఆపగలదనీ 1907లో వాదించాడు. మరుసటి ఏడాది రోగనిరోధక కణాల మీద చేసిన పనికి పౌల్ ఎర్లిష్‌తో కలిసి నోబెల్ అందుకోవడంతో ఆయన మాటకు విలువ పెరిగింది, యూరప్‌లో పెరుగుకు గిరాకీ పెరిగింది.

అతి కూడా అప్పుడే మొదలైంది. లండన్‌లో ఆర్బత్నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్, సకల రోగాలకూ మూలం మలబద్ధకమేనని నమ్మి, రోగుల పెద్దపేగులను కోసి తీసేశాడు. పేగు మీద పుట్టిన మొదటి ఉత్సాహానికి మూల్యం చెల్లించింది రోగులే.

1917లో ఆల్‌ఫ్రెడ్ నిస్లే, తోటివారంతా విరేచనాలతో పడిపోతున్నా తాను నిలిచిన ఒక సైనికుడి మలం నుంచి మేలుచేసే ఈ.కోలైని వేరుచేశాడు. 1930లో జపాన్‌లో మినోరు షిరోటా ఎంచిన బాక్టీరియా 1935కల్లా యాకుల్ట్ సీసాల్లోకి చేరింది. ఇవన్నీ కడుపు కోసం కనిపెట్టినవే. ఊపిరితిత్తుల ఊసు ఇంకా రాలేదు.

ఒక చేత్తో ప్రాణదానం

ఆ తర్వాత యాంటీబయాటిక్ యుగం వచ్చి ఈ ముచ్చట్లన్నిటినీ పక్కకు నెట్టింది. 1943లో దొరికిన స్ట్రెప్టోమైసిన్ క్షయరోగుల ఊపిరితిత్తులకు తొలిసారి నిజమైన మందు అయింది. 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్ అయితే, ఆ పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుకు అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి ఆయన.

ఆరియోమైసిన్‌కు ఊహించని రెండో కథ ఉంది. అదే లెడర్లీలో థామస్ జ్యూక్స్ బృందం ఆ మందు తయారీలో మిగిలిన పదార్థాన్ని కోళ్ల దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కాయి. 1950 నాటికి ఈ వార్త రైతులకు చేరింది, పశువుల దాణాలో యాంటీబయాటిక్ మామూలైపోయింది. పేగుల్లోని సూక్ష్మజీవులను కదిపితే ఒళ్లంతా కదులుతుందన్న పాఠం అందులో ఉంది. ఆనాడు అందరూ చూసింది లాభాన్నే.

1954లో షికాగోలో మార్జరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ బృందం ఎలుకలకు ఒక్క మోతాదు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసింది. మామూలు ఎలుకకు జబ్బు చేయాలంటే సాల్మొనెల్లా క్రిములు లక్ష వరకూ కావాలి. మందు పడిన ఎలుకకు పది కన్నా తక్కువే సరిపోయాయి. పేగుల్లోని పాత కాపురస్తులు కొత్తవాళ్లను రానివ్వరనీ, మందు ఆ కాపలాను తుడిచేస్తుందనీ రుజువైంది. క్షయ నుంచి ఊపిరితిత్తులను కాపాడిన మందే పేగును కాపలా లేని కోటగా మార్చింది. ఈ రెండు నిజాలనూ ఒకచోట చేర్చి ఆలోచించడానికి వైద్యానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

రెంటి నడుమ దారి

పేగుకూ ఊపిరికీ మధ్య రహదారి ఒకటుందని మొదట పట్టుకున్నది రోగనిరోధక శాస్త్రం. 1970లలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జాన్ బినెన్‌స్టాక్ ఊపిరి గొట్టాల గోడల్లోనూ పేగు గోడల్లో ఉన్నటువంటి రక్షణ కణజాలం ఉందని చూపించాడు. ఒకచోట శిక్షణ పొందిన కణాలు రక్తం ద్వారా మరోచోటికి చేరతాయనీ, శరీరంలోని జిగురుపొరలన్నిటిదీ ఒకే రక్షణ వ్యవస్థ అనీ ప్రతిపాదించాడు. 1976లో అమెరికా వైద్యులు పేగువాపుతో బాధపడే ఆరుగురు రోగుల్లో కారణం తెలియని శ్వాసనాళాల జబ్బును నమోదు చేశారు. 2018లో ఎలుకల మీద జరిగిన అధ్యయనం పేగుల్లో పుట్టిన కొన్ని రక్షణ కణాలు ఊపిరితిత్తులకు వలస వెళ్లడాన్ని చూపింది. బినెన్‌స్టాక్ ఊహించిన రహదారి మీద ప్రయాణికులు కూడా అలా కనబడ్డారు.

ఈ దారిని వాడుకున్న మందు ఒకటి యూరప్‌లో చాలాకాలంగా ఉంది. శ్వాసనాళాల్లో జబ్బు చేసే ఎనిమిది జాతుల బాక్టీరియాను చంపి, చిదిపి, మాత్రగా మింగించే ఓఎం-85 అది. పేగు గోడలోని రక్షణ కణాలకు శత్రువును పరిచయం చేస్తే ఊపిరితిత్తులు సిద్ధమవుతాయన్నది దాని తర్కం. 1997లో కెనడా వైద్యులు 381 మంది సీఓపీడీ రోగుల మీద దీన్ని పరీక్షించారు. జబ్బు తిరగబెట్టడం తగ్గలేదు కానీ, శ్వాస సమస్యలతో ఆసుపత్రిలో గడిపిన రోజులు సగానికి పైగా తగ్గాయి. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఇలాంటి మందులన్నిటినీ తిరిగి తూచింది. మాటిమాటికీ వచ్చే శ్వాసకోశ ఇన్ఫెక్షన్లను నివారించడానికి తప్ప, వచ్చిన జబ్బును నయం చేయడానికి వాడవద్దంది. పేగు దారిన ఊపిరికి ఇచ్చిన మందుల్లో కాస్తయినా నిలబడింది ఇదే. ఇందులో బతికున్న బాక్టీరియా ఒక్కటీ లేదన్నది గమనించాలి.

పశువుల కొట్టం పక్కన పెరిగిన పిల్లలు

చిన్నప్పుడు సూక్ష్మజీవులతో పొత్తు ఊపిరికి మేలేమోనన్న అనుమానం మరో దిక్కు నుంచి వచ్చింది. 1989లో లండన్ పరిశోధకుడు డేవిడ్ స్ట్రాకన్ 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలు పరిశీలించి, అన్నలూ అక్కలూ ఎక్కువున్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఎలర్జీ జలుబు తక్కువని గమనించాడు. జర్మనీలో ఎరికా ఫాన్ మ్యూటియస్‌కు ఇంకా వింత ఎదురైంది. తూర్పు, పశ్చిమ జర్మనీలు కలిశాక, పొగ నిండిన లైప్‌జిగ్, హాలె పట్టణాల్లోనే ఉబ్బసం ఎక్కువ ఉంటుందని అందరూ అనుకున్నారు. పిల్లలను పరీక్షిస్తే బ్రాంకైటిస్ అక్కడ ఎక్కువగా ఉన్నా, ఉబ్బసమూ ఎలర్జీలూ పరిశుభ్రమైన మ్యూనిక్‌లోనే ఎక్కువని తేలింది.

ఈ వరుసలో అన్నిటికన్నా అందమైన అధ్యయనం 2016లో అమెరికా నుంచి వచ్చింది. ఆమిష్, హటరైట్ అనే రెండు రైతు సమాజాల పూర్వీకులు యూరప్ నుంచి వచ్చినవారే, వంశమూ తిండీ జీవనమూ దగ్గరివే. ఆమిష్‌లు గుర్రాలతో దున్నుతారు, పశువుల కొట్టం ఇంటి పక్కనే. హటరైట్‌లది యంత్రాల సేద్యం, పిల్లలకు పశువులతో పెద్దగా పొత్తుండదు. ఉబ్బసం ఆమిష్ పిల్లల్లో 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్మును ఎలుకల ముక్కుల్లో వేస్తే వాటికి కూడా రక్షణ దొరికింది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మరో కోణం చూపింది. 2000 నుంచి 2014 వరకూ అక్కడి వైద్యులు పసిపిల్లలకు యాంటీబయాటిక్‌లు రాయడం తగ్గిస్తూ వచ్చారు. అదే కాలంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కొత్తగా ఉబ్బసం బారిన పడేవారు వెయ్యికి 27.3 నుంచి 20.2కు దిగారు. యాంటీబయాటిక్ ఎక్కువ పడిన పిల్లల పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం తక్కువగా ఉంది. ఒక మందు మానడం వల్ల కలిగిన మేలును ఈ రంగంలో ఇంత స్పష్టంగా చూపిన ఆధారాలు అరుదు.

ఎలుకల దగ్గర విజయం

2007లో మొదలైన అమెరికా మానవ మైక్రోబయోమ్ ప్రాజెక్టు తొలి పటంలో ఊపిరితిత్తులకు చోటే లేదు. ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లో క్రిములే ఉండవని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 2010లో లండన్ పరిశోధకులు అక్కడా బాక్టీరియా ఉంటుందనీ, ఉబ్బసం, సీఓపీడీ రోగుల్లో దాని పొందిక వేరనీ చూపడంతో ఆ మాట చెల్లలేదు.

2014లో స్విట్జర్లాండ్ లోజాన్‌లో బెంజమిన్ మార్స్‌లాండ్ బృందం ఈ రంగానికి మూలస్తంభం లాంటి ప్రయోగం చేసింది. పీచు ఎక్కువగా తిన్న ఎలుకల పేగుల్లో బాక్టీరియా ఆ పీచును పులియబెట్టి ప్రొపియోనేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేసింది. అది రక్తంలో కలిసి ఎముక మూలుగకు చేరి, అక్కడ పుట్టే రక్షణ కణాల స్వభావాన్నే మార్చింది. ఆ కణాలు ఊపిరితిత్తుల్లో చేరాక దుమ్ముపురుగు ఎలర్జీకి రెచ్చిపోలేదు. పీచు లేని తిండి తిన్న ఎలుకలకు ఉబ్బసం లక్షణాలు ముదిరాయి. పేగు, రక్తం, మూలుగ, ఊపిరితిత్తి అనే నాలుగు మజిలీలూ ఒకే ప్రయోగంలో తెలిసిపోయాయి.

2015లో కెనడాలో బ్రెట్ ఫిన్లే బృందం 319 మంది పసిపిల్లల మలం పరిశీలించింది. ఉబ్బసం ముప్పున్న బిడ్డల్లో మూడో నెలలో నాలుగు రకాల బాక్టీరియా తగ్గి ఉంది. ఏడాది నిండేసరికి ఆ తేడా చాలావరకు మాసిపోయింది. అంటే దిద్దుబాటుకు గడువు పుట్టిన తొలి నూరు రోజులేనేమోనన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. ఆ నాలుగింటినీ ఎలుకలకిస్తే ఊపిరి గొట్టాల వాపు తగ్గింది.

సీఓపీడీ వైపు 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు రోగుల పేగుల్లో స్ట్రెప్టోకాకస్ జాతులు పెరగడం గమనించారు. 2022లో తైవాన్ బృందం పారాబాక్టీరాయిడిస్ గోల్డ్‌స్టైనీ అనే పేగు బాక్టీరియా సిగరెట్ పొగ పట్టిన ఎలుకల ఊపిరితిత్తులను కాపాడుతుందంది. 2024లో మళ్లీ ఆస్ట్రేలియాలో, మంచి గాలి పీల్చిన ఎలుకల మలాన్ని పొగ పీల్చిన ఎలుకలకు ఎక్కిస్తే జబ్బు లక్షణాలు తగ్గాయి. ఇక్కడో చిక్కుముడి ఉంది. సీఓపీడీ రోగులు వయసు మళ్లినవారు, తిండి తగ్గినవారు, తరచూ యాంటీబయాటిక్‌లు వాడేవారు. పేగు చెడి ఊపిరి చెడిందా, ఊపిరి చెడి పేగు చెడిందా అన్నది మనుషుల్లో ఇంకా విడలేదు. ఎలుకకు ఉబ్బసం తగ్గించడం ఇప్పుడు పెద్ద విద్య కాదు. మనిషి దగ్గరికొచ్చేసరికే కథ అడ్డం తిరుగుతోంది.

మనిషి దగ్గర పరీక్ష

ఈ తడబాటుకు నిలువెత్తు ఉదాహరణ ప్రోబయాటిక్‌గా, అంటే మేలుచేసే బతికున్న బాక్టీరియాగా, ఇచ్చే లాక్టోబాసిల్లస్ జీజీ. 2001లో ఫిన్లాండ్ టుర్కులో గర్భిణులకూ తర్వాత బిడ్డలకూ ఈ బాక్టీరియా ఇస్తే రెండేళ్ల వయసులో ఎగ్జిమా అనే చర్మపు ఎలర్జీ 46 శాతం నుంచి 23 శాతానికి పడిపోయింది. ఎలర్జీకి మందు దొరికిందని లోకం సంబరపడింది. అవే పిల్లలు పెద్దయ్యాక చూస్తే ఉబ్బసం తగ్గిన దాఖలా లేదు. 2017లో కాలిఫోర్నియాలో పుట్టిన బిడ్డలకు ఆరునెలలు అదే బాక్టీరియా ఇచ్చినా ఎగ్జిమాలో గానీ ఉబ్బసంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఊపిరితిత్తులను దెబ్బతీసే పుట్టుజబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్‌లోనూ ఇదే తంతు. 2007లో ఇటలీ వైద్యులు చేసిన చిన్న అధ్యయనంలో ఈ బాక్టీరియా పిల్లల ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లను తగ్గించింది. 2018లో అదే బృందం మరింత పకడ్బందీగా మళ్లీ పరీక్షించి, ప్రయోజనం లేదని నిజాయితీగా ప్రకటించింది. 2021లో వెంటిలేటర్ మీదున్న 2,650 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో న్యుమోనియా సోకింది ఈ బాక్టీరియా ఇచ్చినవారిలో 21.9 శాతానికి, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 21.3 శాతానికి. పైగా మందుగా ఇచ్చిన బాక్టీరియానే కొందరి రక్తం వంటి, క్రిములుండకూడని చోట్ల కనిపించింది. అంతకు ముందే, 2015లో, ప్రపంచ ఎలర్జీ సంస్థ మార్గదర్శకాలు ప్రోబయాటిక్‌లను ఎగ్జిమా నివారణకు పరిమితంగా సూచించాయే తప్ప ఉబ్బసానికి సిఫారసు చేయలేదు.

ఆరోగ్యవంతుడి మలాన్ని రోగి పేగుల్లోకి ఎక్కించే మలమార్పిడి కథ వేరు. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గె హోంగ్ తీవ్ర విరేచనాలకు మలం కలిపిన నీళ్లు తాగించాడు. 1958లో డెన్వర్‌లో సర్జన్ బెన్ ఐజ్మన్ నలుగురు రోగులకు ఎనిమా ద్వారా అదే పని చేశాడు. 2013లో నెదర్లాండ్స్ పరీక్షలో సీ.డిఫిసిల్ అనే బాక్టీరియా వల్ల మళ్లీమళ్లీ వచ్చే విరేచనాలు ఒక్క మార్పిడితోనే 16 మందిలో 13 మందికి తగ్గాయి. వాన్కోమైసిన్ మందుతో 13 మందిలో నలుగురికే తగ్గాయి. దాంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2022లో ఒక మల ఉత్పత్తికీ, 2023లో మింగే క్యాప్సూల్‌కూ అనుమతినిచ్చింది. ఆ అనుమతులకు ముందే, 2019లో, ఒకే దాత మలంలోని మొండి ఈ.కోలై ఇద్దరు బలహీన రోగులకు సోకి ఒకరు చనిపోయారు. ఈ అనుమతులన్నీ ఆ ఒక్క పేగు జబ్బుకే. ఊపిరితిత్తుల జబ్బుకు మలమార్పిడి ఆధారాలు ఇప్పటికి ఎలుకల దగ్గరే ఆగి ఉన్నాయి.

మిగిలింది పళ్లెం

అన్నీ పోగా నిలుస్తున్నది తిండి. 2010లో వెలువడిన అమెరికా నర్సులు, ఆరోగ్య వృత్తుల వారి దీర్ఘకాల అధ్యయనంలో ధాన్యపు పీచు ఎక్కువగా తినేవారికి సీఓపీడీ తక్కువగా వచ్చింది. 2019లో ఆస్ట్రేలియాలో 17 మంది ఉబ్బసం రోగులకు వారం రోజులు రోజుకు 12 గ్రాముల ఇన్యులిన్ పీచు ఇస్తే జబ్బు కొంత అదుపులోకి వచ్చింది. అదే పీచుకు ప్రోబయాటిక్ జోడించినప్పుడు అదనపు మేలు కనబడలేదు. ఇవి చిన్న ఆధారాలే. అయినా దిశ చెబుతున్నాయి. మనకు ఇన్యులిన్ డబ్బా అవసరం లేదు. రాగి సంకటి, జొన్నరొట్టె, కందిపప్పు, గోరుచిక్కుడు, ఉల్లి, వెల్లుల్లి మన వంటింటి సరుకులే. చద్దన్నం, పెరుగు తినండి, హాయిగా తినండి. వాటిని ఉబ్బసం మందని ఎవరైనా అమ్మజూపితే మాత్రం కొనకండి.

ఈ చరిత్ర తీర్పు ఇలా ఉంది. పేగు ఊపిరిని ప్రభావితం చేస్తుందన్నది ఎలుకల్లో రుజువైన విషయం. పేగును మార్చి ఊపిరిని బాగుచేయవచ్చన్నది మనుషుల్లో రుజువు కావలసిన విషయం. ఈ రెండింటి మధ్య దూరాన్ని ప్రకటనలు చెరిపేస్తున్నాయి, దాన్ని గుర్తుచేయడం వైద్యుల బాధ్యత. మేలు చేస్తుందని తేలినవాటిలో ముందున్నవి కొనేవి కావు, మానేవి. పసిబిడ్డ జలుబుకు వైద్యుడి చీటీ లేకుండా మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొనడం మానాలి. బీడీ, సిగరెట్ మానాలి. కట్టెల పొయ్యి పొగలో వంట మానేలా ప్రతి ఇంటికీ గ్యాసు నిలకడగా అందాలి. ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు, ఏ క్యాప్సూల్ దానికి బదులు కాదు. ప్రోబయాటిక్ సీసా చేతికిచ్చేవారిని ఒక్క మాట అడగండి: ఈ బాక్టీరియాను నా జబ్బున్న మనుషుల మీద పరీక్షించారా? నికరమైన జవాబు రాకపోతే ఆ డబ్బు పప్పుకూ కూరగాయలకూ ఖర్చు పెట్టండి.